మంచుకొండల చెంత పది రోజుల విడిది

జనవరి నెల ప్రవేశించగానే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములో నుమాయిష్ దీపములు వెలుగుతాయి. ఆబిడ్స్ నుండి వచ్చేవారు, మొజంజాహీ మార్కెట్ దాటి వచ్చేవారు పిల్లల చేతులు గట్టిగా పట్టుకొని ఆ జనసందోహములో కలిసిపోతారు. లోపల కాశ్మీరు వర్తకుల దుకాణముల వద్ద శాలువలు, ఫెరన్లు, ఉన్ని టోపీలు వ్రేలాడుతూ ఉంటాయి. బేరము సాగుతూ ఉండగా పిల్లవాడెవడో “మీ ఊళ్ళో మంచు ఎంత పడుతుంది?” అని అడుగుతాడు. వర్తకుడు నవ్వి చేతిని నడుము ఎత్తున నిలిపి చూపుతాడు. పిల్లవాడు తండ్రి వైపు తిరిగి చూస్తాడు. ఆ చూపుకు అర్థము వేరే చెప్పనక్కరలేదు.

ఈ నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్సులో చిన్న ప్రదర్శనగా ఆరంభమై, 1946లో నేటి మైదానమునకు మారినది. ఏటా జనవరి 1న తెరచి, సుమారు ఫిబ్రవరి నడిమి వరకు నడపడము ఆనవాయితీ. సరిగా ఈ రోజులలోనే కాశ్మీరములో ‘చిల్లై కలాన్’ సాగుతూ ఉంటుంది. డిసెంబరు 21 నుండి జనవరి 30 వరకు నలుబది దినముల పెద్ద చలికి వారు పెట్టుకొన్న పేరు అది. దాని వెనుక ఇరువది దినములు చిన్న చలి, పది దినములు పసి చలి వస్తాయి. వర్తకము కొరకు ఆ మనిషి ఏ చలిని విడిచి మన ఊరు వచ్చాడో, ఆ చలిని వెదకుకొంటూ మనము అతని ఊరు పోదామనుకొంటాము. ఈ కోరికలో తప్పు లేదు. కాని దానిని ఎట్లా తీర్చుకోవలెనన్నది మాత్రము ఆలోచింపదగిన విషయము.

చలికాలములో కొండలకు విహారమునకై పోవడము మానవజాతికి చాల పాత అలవాటేమీ కాదు. యూరపులో కూడా ఒకప్పుడు ధనికులు వేసవిలోనే ఆల్ప్స్ పర్వతములకు పోయేవారు. 1864లో స్విట్జర్లాండులోని సెయింట్ మారిట్జ్‌లో యోహానెస్ బద్రుట్ అనే పూటకూళ్ళ యజమాని తన ఆంగ్లేయ అతిథులతో పందెము వేశాడని చెప్పుకొంటారు. “శీతకాలములో వచ్చి చూడండి. నచ్చకపోతే మీ దారిఖర్చులు నావి” అన్నాడట. వారు వచ్చారు, వసంతము వరకు కదలలేదు. అక్కడినుండి ఈ వాడుక వ్యాపించినది. స్కీ అనేది నార్వే భాషలోని మాట. చీల్చిన కట్టె అని దాని మూలార్థము. మంచులో దిగబడకుండ ఒక ఊరి నుండి మరియొక ఊరికి పోవుటకు కాళ్ళకు కట్టుకొన్న బద్దలు కాలక్రమమున క్రీడగా మారినవి. మన దేశములో గుల్మర్గ్ కేంద్రముగా స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా 1927లోనే ఏర్పడినది.

ఇక మన సంగతికి వద్దాము. ఆబిడ్స్ ప్రాంతములో కాపురమున్న ఒక కుటుంబమును ఉదాహరణగా ఊహించుకొందాము. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. కుమార్తెకు ఆరేళ్ళు. నాయనమ్మకు అరువది ఎనిమిది. రక్తపోటుకు రోజూ మాత్ర వేసికొంటారు. ఏడాది పొడుగునా కూడబెట్టిన సొమ్ము కొంత ఉన్నది. దంపతులకు కలసి దొరకే సెలవు పది రోజులు. కుమారునికి స్కీ నేర్చుకోవలెనని ఉన్నది. కుమార్తెకు మంచుబొమ్మ చేయవలెనని ఉన్నది. తల్లికి తెల్లవారుజామున లేవనక్కరలేని వారము కావలె. తండ్రికి ఫోను మోగని చోటు కావలె. నాయనమ్మ మాత్రము “నేనెందుకురా, ఇల్లు చూసుకొంటూ ఉంటాను, మీరు వెళ్ళి రండి” అంటారు. ఆ మాటలో త్యాగమెంతో, భయమెంతో, మరియొకసారి గట్టిగా రమ్మంటే బాగుండుననే ఆశ ఎంతో, అడిగి చూస్తేనే తెలుస్తుంది.

ఈ ఐదుగురికీ సరిపడే ప్రయాణమును ఏర్పాటు చేసికొనవచ్చునా? చేసికొనవచ్చును. అందుకు ఒక్క సూత్రము చాలును. ప్రయాణపు వేగము కుటుంబములో అందరికన్న నెమ్మదిగా నడచువారి వేగము కావలె. పది రోజులలో పది ఊళ్ళు చూచి వచ్చిన కుటుంబము ఫోటోలతో వస్తుంది, విశ్రాంతితో రాదు. ఒక్క చోట నిలిచిన కుటుంబమునకు ఆ చోటు గుర్తుంటుంది.

మొదట కాలనిర్ణయము. మన పిల్లలకు చలికాలములో దొరకే పెద్ద సెలవు సంక్రాంతి. కనుక చాలమంది జనవరి రెండవ వారములోనే టిక్కెట్లు కొంటారు. ఇందులో రెండు చిక్కులున్నవి. మొదటిది, పండుగనాడు ఇంటి ముంగిట ముగ్గు ఉండదు. ఆరేళ్ళ పిల్లకు బొమ్మల కొలువు తప్పిపోతుంది. రెండవది, మంచు మన సెలవుల పట్టిక చూచుకొని పడదు. 2024 జనవరి మొదటి పక్షములో గుల్మర్గ్ మైదానములు ఎండిన గడ్డితో బోసిగా ఉండినవి. ఎంతో ఆశతో వెళ్ళినవారు మట్టి చూచి తిరిగి వచ్చారు. ఆ నెల చివర గాని మంచు పడలేదు. ఫిబ్రవరి మొదట జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలను ఆ నెల 21కి వాయిదా వేసినారు. 2025లో కూడా మంచు చాలక గుల్మర్గ్ పోటీలను ఫిబ్రవరి నుండి మార్చి 9కి జరిపినారు. దేశములోని మేటి క్రీడాకారులే మంచు కొరకు ఎదురుచూచినప్పుడు మనమెంత?

అందుచేత పండుగ ఇంటిలోనే చేసికొని, జనవరి చివరి వారములో బయలుదేరి ఫిబ్రవరి మొదటి వారములో తిరిగి వచ్చుట మేలు. అప్పటికి మంచు పేరుకొని ఉండే అవకాశము హెచ్చు. పిల్లలకు కొద్ది రోజులు బడి పోతుంది, నిజమే. ఉపాధ్యాయులతో ముందే మాట్లాడితే తొమ్మిదవ తరగతి పిల్లవానికి అది తీరని లోటు కాదు. పదవ తరగతి పిల్లవాడు ఇంట ఉంటే మాత్రము ఈ ప్రయాణమును మరుసటి ఏటికి వాయిదా వేసికొనుటే న్యాయము.

తరువాత స్థలనిర్ణయము. మన దేశములో కుటుంబములు పోదగిన స్కీ ప్రదేశములు ముఖ్యముగా మూడు. ఒకటి కాశ్మీరములోని గుల్మర్గ్, రెండవది హిమాచలములో మనాలి సమీపమున ఉన్న సోలంగ్ లోయ, మూడవది ఉత్తరాఖండములోని ఔలీ. సోలంగ్ పిల్లల ఆటపాటలకు అనువైనది. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము తెరచిన తరువాత అక్కడినుండి లాహౌల్ లోయకు పోవుట కూడా సులువైనది. ఔలీ వాలులు అందమైనవి. కాని దాని దిగువనున్న జోషీమఠ్ పట్టణములో 2023 జనవరిలో నేల క్రుంగి ఇండ్లు బీటలు వారినవి. ఔలీకి పోయే తీగమార్గమును అప్పుడు నిలిపివేశారు. వృద్ధులతో, పిల్లలతో వెళ్ళేవారు ఆ దారి స్థితిని విచారించుకొనియే నిర్ణయించుకోవలె. గుల్మర్గ్‌లో చదునైన విశాల మైదానము, మొదటిసారి నేర్చుకొనేవారికి తగిన చిన్న వాలులు, శిక్షకులు, తీగమార్గము, వసతిగృహములు అన్నీ ఒక్క చోట ఉన్నవి. కనుక మన కుటుంబమును అక్కడికే పంపుదాము.

ఒక సంగతి దాచరాదు. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ సమీపమున యాత్రికులపై జరిగిన దాడిలో 26 మంది ప్రాణములు కోల్పోయారు. ఆ తరువాత కాశ్మీరములోని పెక్కు దర్శనీయ స్థలములను కొంతకాలము మూసియుంచినారు. అందువలన టిక్కెట్లు కొనక ముందు ఒకసారి, బయలుదేరుటకు ముందు మరియొకసారి ప్రభుత్వ సూచనలు చూచుకోవలె. రద్దు చేసికొంటే సొమ్ము తిరిగి వచ్చే టిక్కెట్లనే, గదులనే ఎన్నుకోవలె. ధర కొంచెము హెచ్చయినా అది నిశ్చింతకు చెల్లించిన మూల్యము.

ఇక దారి. హైదరాబాదు దక్కన్ స్టేషను, అనగా మన నాంపల్లి స్టేషను, 1907లో కట్టినది. పూర్వము ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ అనే పేరుతో నడచిన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఇక్కడినుండి ఉదయము బయలుదేరి మరునాటి ఉదయము ఢిల్లీ చేరుతుంది. ఆ పగలు ఢిల్లీలో ఊరు చూడబోక, ఒక గది తీసికొని స్నానపానములు ముగించి పడుకోవలె. రాత్రి బండిలో బయలుదేరితే మూడవనాటి ఉదయమునకు కాట్రా వస్తుంది. అక్కడినుండి శ్రీనగరమునకు వందే భారత్ రైలు 2025 జూన్ 6న ప్రారంభమైనది. నదిపై 359 మీటర్ల ఎత్తున నిలిచిన చినాబ్ వంతెన మీదుగా, సొరంగముల గుండా, సుమారు మూడు గంటలలో బండి లోయలో దిగుతుంది. నాయనమ్మకు క్రింది బెర్తు దొరకేటట్లు ముందుగా చూచుకొంటే ఈ దారి ఆమెకు విమానము కన్న సుఖము. పిల్లలకు దక్కను రాతినేల నుండి హిమాలయముల వరకు దేశము కిటికీలో మారిపోవడము ఒక పాఠము. తిరుగు ప్రయాణము మాత్రము విమానములో పెట్టుకొంటే సెలవు కలిసి వస్తుంది.

మన పది రోజుల లెక్క ఇది. మొదటి రెండు రోజులు రైలు. మూడవనాడు శ్రీనగరము చేరిక. నాలుగవనాడు అక్కడే విశ్రాంతి. అయిదవనాడు గుల్మర్గ్ ప్రయాణము. ఎనిమిదవ రాత్రి వరకు అక్కడే మకాము. తొమ్మిదవనాడు దిగివచ్చి శ్రీనగరములో నిద్ర. పదవనాడు విమానము. ఈ తొమ్మిదవనాడు వృథా అనిపించవచ్చును. కాని మంచు కురిసి దారి మూసుకొన్న రోజున దాని విలువ తెలుస్తుంది. కొండ మీదినుండి సరాసరి విమానాశ్రయమునకు పరుగెత్తే ఏర్పాటు ఎన్నడూ చేసికొనరాదు.

శ్రీనగరములో ఒక పూర్తి రోజు ఎందుకు ఆగమన్నానో చెప్పవలె. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. శ్రీనగరము సుమారు 1,585 మీటర్లు. గుల్మర్గ్ 2,650 మీటర్లు. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచబడుతుంది. గుల్మర్గ్‌లో గాలి ఒత్తిడి సముద్రతీరములో ఉండేదానిలో నూటికి సుమారు 72 పాళ్ళు మాత్రమే. ఊపిరి ఒక్కొక్కటికీ అందే ప్రాణవాయువు అంత తగ్గుతుందన్నమాట. మన శరీరము దీనికి సర్దుకొనగలదు, కాని వ్యవధి ఇవ్వవలె. మొదటి రెండు రోజులు నెమ్మదిగా నడవవలె, నీరు హెచ్చుగా త్రాగవలె, మద్యమునకు దూరముగా ఉండవలె. తలనొప్పి, వికారము, నిద్ర పట్టకపోవడము కనిపిస్తే మరింత ఎత్తుకు పోరాదు. విశ్రాంతి తీసికొన్నా తగ్గక, కూర్చున్నప్పుడు కూడా ఆయాసము వచ్చినా, నడక తడబడినా, ఆలస్యము చేయక క్రిందికి దింపి వైద్యునికి చూపవలె.

నాయనమ్మను తీసికొని పోవలెనా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉన్నది. ఆ జవాబు చెప్పవలసినవారు వైద్యులు, ఇంటివారు కాదు. బయలుదేరుటకు నెల ముందే ఆమెను వైద్యునికి చూపి, ఎంత ఎత్తుకు పోబోతున్నామో చెప్పి అడగవలె. రక్తపోటు అదుపులో ఉండి, గుండెకు, ఊపిరితిత్తులకు జబ్బులు లేని వృద్ధులకు గుల్మర్గ్ ఎత్తు సాధారణముగా అలవిగానిది కాదు. ఉబ్బసమున్న పిల్లల విషయములోను ఇదే జాగ్రత్త. చల్లని పొడిగాలి వారి ఆయాసమును రెచ్చగొట్టవచ్చును. మందులు రెండింతలు తీసికొని, పెట్టెలో గాక చేతిసంచిలో పెట్టుకోవలె.

గుల్మర్గ్ చేరేదారిలో పదమూడు కిలోమీటర్ల ముందు తంగ్‌మర్గ్ వస్తుంది. మంచు రోజులలో చక్రములకు గొలుసులు కట్టిన బండ్లు, నాలుగు చక్రములు లాగే బండ్లు మాత్రమే అక్కడినుండి పైకి పోనిస్తారు. బరువైన కోటులు, రబ్బరు బూట్లు అద్దెకు దొరుకుతాయి. పైన తీగమార్గము రెండు అంచెలలో ఉన్నది. 1998లో తెరచిన మొదటి అంచె కొంగ్‌డోరీ వరకు, సుమారు 3,080 మీటర్ల ఎత్తుకు పోతుంది. 2005లో తెరచిన రెండవ అంచె అఫర్వత్ శిఖరపార్శ్వమున సుమారు 3,950 మీటర్లకు చేర్చుతుంది. చూచిన చిత్రములన్నీ ఆ పై అంచెవే కనుక అందరూ అక్కడికే పోవలెనంటారు. అక్కడ గాలి ఒత్తిడి నూటికి అరువదియొక పాళ్ళు. ఆరేళ్ళ పిల్ల, అరువది ఎనిమిదేళ్ళ పెద్ద అక్కడికి పోనక్కరలేదు. కొంగ్‌డోరీలో దిగి, ఒక కప్పు కహ్వా త్రాగి, మంచులో కాసేపు నిలిచి రావచ్చును. టిక్కెట్లు అంతర్జాలములో ముందే కొనవలె; రద్దీ రోజులలో అవి త్వరగా అయిపోతాయి. 2017 జూన్ 25న పెనుగాలికి చెట్టు తీగపై కూలి, పెట్టె పడిపోయి ఏడుగురు మరణించారు. గాలి బలముగా ఉన్నప్పుడు తీగమార్గము ఆపితే విసుగుకొనరాదు. ఆ ఆపడము మన మేలు కొరకే.

స్కీ సంగతి కొంత వివరముగా చెప్పుకొందాము. పలుచని, పొడవైన బద్దలు మన బరువును హెచ్చు నేలపై పరచుతాయి. అందుచేత కాలు మంచులో దిగబడదు. బద్ద అడుగున మంచు రాపిడికి కొంత కరిగి సన్నని నీటిపొర ఏర్పడుతుంది. దాని మీద బద్ద జారుతుంది. జారుట నేర్వనక్కరలేదు, భూమి ఆకర్షణే నేర్పుతుంది. నేర్వవలసినది ఆగుట. ముందు కొనలు దగ్గరగా, వెనుక కొనలు దూరముగా పెట్టి, లోపలి అంచులతో మంచును ఒత్తితే వేగము తగ్గుతుంది. గోలకొండ మెట్లు దిగేటప్పుడు మోకాలు కొంచెము వంచి, పాదము ఏటవాలుగా వేసి బరువు ఆపుకొంటాము కదా, అదే నేర్పు ఇక్కడ కూడా. పడేటప్పుడు వెనుకకు గాక ప్రక్కకు పడవలె. బూటును బద్దకు బిగించే కట్టు పెద్ద కుదుపు తగిలితే ఊడిపోయేటట్లు అమర్చి ఉంటుంది. దానిని మన బరువును బట్టి సరిచేయించుకొన్నామా లేదా అని తప్పక అడగవలె. కొత్తవారికి గడ్డము ఎత్తుకు వచ్చే బద్దలు చాలును. తలకు శిరస్త్రాణము లేనిదే వాలు ఎక్కరాదు.

కుమారునికి రోజుకు రెండు మూడు గంటల చొప్పున మూడు రోజులు పాఠము పెట్టించితే చిన్న వాలు మీద స్వయముగా దిగి రాగలడు. అంతకు మించి ఆశించరాదు. మొదటినాడు అతడు నలుబదిసార్లు పడవచ్చును. రాత్రికి కాలిపిక్కలు నొప్పులు పుట్టి, రేపు వద్దంటాడు. మరునాటి పాఠమును ఉదయమునకు గాక మధ్యాహ్నమునకు పెట్టితే మనసు మార్చుకొంటాడు. శిక్షకుడు చూపిన సరిహద్దు దాటి ఎవరూ పోరాదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుపై హిమపాతము విరుచుకొనిపడి ఇద్దరు విదేశీ స్కీయర్లు మరణించారు. ఆరితేరినవారికే అట్టి ప్రమాదము ఉన్నదంటే, మన వంటి కొత్తవారికి మైదానపు అంచులోని చిన్న వాలే క్షేమము, చాలినంత వినోదము కూడా. ఆరేళ్ళ పిల్లకు స్కీ కన్న చెక్కబల్ల మీద కూర్చొని జారడమే ఎక్కువ సంతోషము. బల్ల లాగేవారితో ధర ముందే మాట్లాడుకోవలె. కాని పైసల కొరకు వారితో పెనుగులాడనక్కరలేదు. మంచు పడని ఏడు మన సెలవు మాత్రమే చెడుతుంది, వారికి శీతకాలపు జీవనమే చెడుతుంది.

దుస్తుల విషయములో మన నూలు అలవాటే మనకు శత్రువు. హైదరాబాదులో డిసెంబరు ఉదయమున కొబ్బరినూనె గడ్డకట్టితేనే చలి వచ్చిందంటాము. మన నగరములో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరిలో. గుల్మర్గ్‌లో జనవరి రాత్రులు సున్నకు ఏడెనిమిది డిగ్రీలు దిగువకు పోవుట మామూలు. వెచ్చదనము గుడ్డలో లేదు, గుడ్డలు పట్టియుంచే నిశ్చలమైన గాలిలో ఉన్నది. అందుచేత ఒక్క లావు కోటు కన్న మూడు పొరలు మేలు. ఒంటిని అంటి, చెమటను పీల్చి బయటకు పంపే ఉన్ని లేక కృత్రిమ నూలు బనియను ఒకటి. దాని మీద స్వెట్టరు. పైన గాలి, తడి చొరని కోటు. నూలు బనియను చెమటకు తడిసి ఒంటి వేడిని లాగివేస్తుంది. మేజోళ్ళు ఒక్కొక్కరికి నాలుగు జతలు ఉండవలె. తడిసినది వెంటనే మార్చవలె. వ్రేళ్ళ కొనలు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దరాదు, నిప్పు దగ్గర పెట్టరాదు. చంకలో పెట్టి నెమ్మదిగా వెచ్చచేయవలె. మంచు మీద పడిన ఎండ తిరిగి కళ్ళను కొట్టుతుంది కనుక నల్లకళ్ళద్దములు పిల్లలకు కూడా తప్పవు. లోపలి పొరలు, మేజోళ్ళు, చేతితొడుగులు ఆబిడ్స్ దుకాణములలో, నుమాయిష్‌లో కొనుక్కోవచ్చును. ఒక్కసారి వాడే బరువు కోటులను అద్దెకు తీసికొనుటే లాభము.

గది కుదుర్చుకొనేటప్పుడు కిటికీ నుండి కనిపించే దృశ్యము కన్న ముందు గది వెచ్చచేసే ఏర్పాటు ఏమిటని అడగవలె. విద్యుత్తు పోతే ఏమి చేస్తారని కూడా అడగవలె. బొగ్గు కుంపటి గాని, కట్టెల బుఖారీ గాని వెలిగించిన గదిలో తలుపులు, కిటికీలు పూర్తిగా బిగించి నిద్రపోరాదు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీస్తుంది. మధ్య అంతస్తుల ఎక్కుదిగుడు లేని గదిని నాయనమ్మకు ఇప్పించవలె. భోజనములో అన్నము దొరుకుతుంది, శాకాహారము దొరుకుతుంది. ఆ ఎత్తులో నీరు సుమారు 91 డిగ్రీలకే మరుగుతుంది కనుక కుక్కరు లేనిదే పప్పు ఉడకదు. ఉడికీ ఉడకని పప్పు వస్తే వంటవానిని తిట్టకండి. మన కందిపొడి, ఆవకాయ ఒక డబ్బాలో పెట్టుకొని పోతే పూట గడుస్తుంది. ఇంకొక చిన్న మాట. ఇతర రాష్ట్రముల ప్రీపెయిడ్ ఫోనులు అక్కడ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఫోను ఇంట ఒకటైనా ఉండవలె. ఫోను మోగని చోటు కోరిన తండ్రికి ఇది శుభవార్త కావచ్చును.

చేతిలోని సొమ్మును నాలుగు భాగములు చేసికొండి. ప్రయాణమునకు ఒకటి, వసతిభోజనములకు ఒకటి, పాఠములు, అద్దెలు, తీగమార్గమునకు ఒకటి. నాలుగవది ముట్టుకొనరాదు. దారి మూసుకొని ఒక రోజు ఎక్కువ ఉండవలసి వస్తే, ఎవరికైనా జ్వరము వస్తే అది ఆదుకొంటుంది. అక్కర పడకపోతే ఇంటికి తిరిగి వస్తుంది. రోజు విషయములోను ఇదే నియమము. ఒక పూటకు పని పెట్టుకొని, ఒక పూట ఖాళీగా వదలండి. ఆ ఖాళీ పూటలలోనే తల్లి నిద్రపోగలదు, తండ్రి కూతురితో మంచుబొమ్మ చేయగలడు.

ఇంత చేసినా మంచు పడకపోతే? ఆ ప్రశ్నను ఇంటి దగ్గరే పిల్లలతో మాట్లాడవలె. మంచు మేఘముల సొత్తు, టిక్కెట్టుతో రాదు అని ముందే చెప్పిన పిల్లవాడు అక్కడ ఏడవడు. పర్వతములు ఎక్కడికీ పోవు. దేవదారు వనములు, శ్రీనగరములో దాల్ సరస్సు, చలిలో పొగలు క్రక్కే రొట్టెల దుకాణములు ఉండనే ఉంటాయి. ఇక వైద్యులు వద్దన్నవారు, ఖర్చు అలవిగానివారు నిరాశపడనక్కరలేదు. తూర్పు కనుమలలో, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో తెల్లవారుజామున పొగమంచు లోయలను నింపుతుంది. అక్కడ స్కీ లేదు గాని చలిమంట ఉన్నది, తీరిక ఉన్నది. కుటుంబమునకు కావలసినది చాలవరకు ఆ రెండే.

మన కుటుంబము ఫిబ్రవరి మొదటి వారములో తిరిగి వస్తుంది. నుమాయిష్ ఇంకా ముగిసి ఉండదు. ఒక సాయంకాలము నాయనమ్మ మనుమరాలి చేయి పట్టుకొని మరల ఆ కాశ్మీరు దుకాణము ముందు నిలబడతారు. ఈసారి మంచు ఎంత పడిందని వర్తకునే ఆమెను అడగనివ్వండి. ఆమె తన చేతిని మోకాలి ఎత్తున నిలిపి చూపుతారు. అతడు తన ఊరి సంగతి విని సంతోషిస్తాడు. కొండ మీదికి అందరికన్న నెమ్మదిగా నడచినవారు ఆమెయే. ఆమె వేగమునకు లెక్క వేసినందువలననే మిగిలిన నలుగురికీ విశ్రాంతి దొరకినది. వచ్చే చలికాలమునకు మీరు పథకము వేసికొనేటప్పుడు, ముందుగా “నేనెందుకులే” అన్నవారిని మరియొకసారి గట్టిగా అడిగి చూడండి.